తవుడు గేదెకి, పథ్యం బాలింతకి

గోదావరి డెల్టా పల్లెల్లో పాడి ఉన్న ప్రతి ఇంటి పెరట్లోనూ ఒక కుడితి తొట్టి ఉండేది. పొద్దున ఎసట్లో పోసే ముందు బియ్యాన్ని నీళ్లు తేటగా వచ్చేదాకా మూడు నాలుగు సార్లు పిసికి కడిగేవారు. అలా కడగడం ఇల్లాలి శుచికి గుర్తు. ఆ కడుగునీళ్లు తొట్టిలోకి పోయేవి. అన్నం ఉడికాక వార్చిన గంజి కొంత బట్టలకు, మిగిలింది మళ్లీ తొట్టిలోకే. మిల్లు నుంచి తెచ్చిన తవుడు రెండు దోసిళ్లు కలిపితే గేదెకు విందు. వసారాలో నులకమంచం మీద పసిబిడ్డను పక్కలో వేసుకుని పడుకున్న బాలింతకు దక్కనిది ఒకటి ఆ గేదెకు దక్కేది. దాని పేరు బి1 విటమిన్. వైద్యులు థయామిన్ అంటారు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు తీసి చూస్తే ఈ పంపకం ఎంత అన్యాయమైనదో తెలుస్తుంది. 100 గ్రాముల తవుడులో సుమారు 2.7 మిల్లీగ్రాముల బి1 ఉంటుంది. అంతే తూకం దంపుడు బియ్యంలో 0.21 మిల్లీగ్రాములు. మరపట్టిన పచ్చిబియ్యానికి వచ్చేసరికి 0.06. ఆ మిగిలిన కాస్తలోనూ చాలా భాగం కడుగులో, గంజిలో పోతుంది. ముత్యాల్లాంటి తెల్లన్నం విస్తట్లోకి వచ్చేసరికి అందులో పిండి పదార్థం తప్ప చెప్పుకోదగ్గది పెద్దగా మిగలదు.

బి1 చాలకపోతే పెద్దవాళ్లకు కాళ్లు తిమ్మిరెక్కుతాయి, పిక్కలు లాగుతాయి, ఒళ్లు ఉబ్బుతుంది, గుండె బలహీనపడుతుంది. దీన్నే బెరిబెరి అంటారు. తల్లిపాల మీదే బతికే రెండు మూడు నెలల పసిగుడ్డుకు అదే లోటు వస్తే గుండె ఆగిపోవచ్చు, లేదా మెదడు దెబ్బతిని ఫిట్లు రావచ్చు. తిండికీ మూర్ఛకూ ఉన్న సంబంధాల గురించి ప్రపంచంలో చాలా చర్చ ఉంది. వాటిలో డెల్టా నేల మీద నిజంగా నడిచిన కథ ఇది.

ఈ కథకు ముందు వరి కథ చెప్పుకోవాలి. ఆనకట్ట రాకముందు గోదావరి జిల్లాను ఎవరూ అన్నపూర్ణ అనలేదు. వరదొస్తే ముంపు, రాకపోతే కరువు. 1832-33 నాటి కరువు తీరాంధ్రను నుజ్జు చేసింది. మెట్టలో జొన్నలు, చోళ్లు, సజ్జలు తినేవారు. వరి అన్నం పండగకో, కలిగినవారికో. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలన్నిటికీ అడ్డుకట్ట వేశాడు. కాలువలు తూర్పు డెల్టాకు, కోనసీమకు, పశ్చిమ డెల్టాకు పారాయి. ఆ కాలువల మీదే పడవలు ధాన్యాన్ని కాకినాడ రేవుకు చేర్చాయి. రెండు తరాల్లో డెల్టా మనిషి మూడు పూటలా వరి అన్నం తినేవాడయ్యాడు. అంబలి తాగడం చిన్నతనమైంది. ఈ మార్పును చరిత్రకారులు సంబరంగానే రాస్తారు. సంబరపడదగ్గదే కూడా. కాకపోతే జొన్నల్లో, చోళ్లలో ఉన్న బి1 తెల్లబియ్యంలో లేదన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. అసలు విటమిన్ అన్న మాటే పుట్టలేదు.

మొదట్లో బియ్యం ఇంట్లోనే దంచేవారు. రోలూ రోకలీ లేని ఇల్లు లేదు. దంపుళ్ల పాటలు, సువ్వి పాటలు అన్న జానపద శాఖే ఆ రోకటి పోటు లయలోంచి పుట్టింది. దంచిన బియ్యం మీద తవుడు పొర కొంతైనా మిగిలేది. ఆ పొరలో నూనె ఉంటుంది కాబట్టి బియ్యం నాలుగు వారాలకే ముక్కవాసన వేసేది, పురుగు పట్టేది. ఏ వారానికి కావలసింది ఆ వారం దంచుకునే ఇంటికి అదేమంత ఇబ్బంది కాదు. ఓడలకెక్కించే వర్తకుడికి మాత్రం ఇబ్బందే. నెలల తరబడి నిలవ ఉండాలంటే తవుడు పూర్తిగా పోవాలి. ఆవిరి మరలు, ఆ తర్వాత ఆయిలింజను హల్లర్లు వచ్చి ఆ పని చేశాయి. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో మిల్లు కాకినాడ దాటి కాలువ గట్ల వెంట ఊరూరికీ పాకింది. దంపుళ్లకు పోయి పొట్టపోసుకునే ఆడవాళ్లకు కూలి పోయింది. మిల్లు బియ్యం తెల్లగా మెరిసింది, త్వరగా ఉడికింది, మెత్తగా దిగింది. ఎవరు వద్దంటారు?

అయితే తప్పంతా మిల్లు మీద తోసేయడం న్యాయం కాదు. మిల్లు రాకముందే ఈ తీరానికి బెరిబెరి ఉంది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జాన్ గ్రాంట్ మాల్కమ్సన్ 1835లో బెరిబెరి చరిత్ర, చికిత్సల మీద మద్రాసులో ఒక పుస్తకమే అచ్చువేశాడు. సర్కారు జిల్లాల తీరం వెంబడి సిపాయిల్లో, ఖైదీల్లో ఈ జబ్బు మకాం వేసిందని ఆయనకు తెలుసు. కారణం తెలియక గాలినీ తేమనూ అనుమానించాడు. గంజాం నుంచి కిందకు ఈ తీరాన్ని ఆ తర్వాతి వైద్యులు బెరిబెరి ప్రాంతమనే పిలిచారు. అదే మద్రాసు రాజధానిలో దక్షిణాన తమిళ, మలయాళ సీమల్లోనూ జనం బియ్యమే తిన్నారు, పేదరికమూ అంతే. అక్కడ బెరిబెరి దాదాపు లేదు.

ఈ చిక్కుముడి విప్పింది నీలగిరుల్లోని కూనూరు. 1918లో రాబర్ట్ మెక్కారిసన్ అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పోషకాహార ప్రయోగశాల అయింది, 1958లో హైదరాబాదుకు తరలింది, ఇవాళ్టి జాతీయ పోషకాహార సంస్థ అయింది. భారతదేశపు పోషకాహార శాస్త్రానికి పుట్టినిల్లు ఒక రకంగా సర్కారు జిల్లాల బెరిబెరే. మెక్కారిసన్ తర్వాత వచ్చిన డబ్ల్యు.ఆర్. ఐక్రాయిడ్, సహచరులతో కలిసి 1940లో ‘ది రైస్ ప్రాబ్లమ్ ఇన్ ఇండియా’ అన్న గ్రంథం వెలువరించాడు. అందులో తేల్చిన సంగతి వినడానికి చాలా చిన్నది. దక్షిణాది వాళ్లు తినేది ఉప్పుడు బియ్యం. సర్కారు వాళ్లు తినేది పచ్చిబియ్యం.

ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, ఎండబెట్టి ఆ తర్వాత దంచితే అది ఉప్పుడు బియ్యం. ఉడికేటప్పుడు పై పొరల్లోని బి1 నీటితో పాటు గింజ లోపలికి దిగి అక్కడే గట్టిపడుతుంది. తర్వాత మరపట్టినా 100 గ్రాములకు 0.21 మిల్లీగ్రాములు మిగులుతుంది, అంటే దంపుడు బియ్యంతో సమానం. గోదావరి జనానికి మాత్రం ఉప్పుడు బియ్యం వాసన గిట్టదు, రంగు గిట్టదు. ఆచారపరులకు అది ఒకసారి ఉడికిన సరుకు, అంటే ఎంగిలితో సమానం. తమాషా ఏమిటంటే ఇవాళ అదే డెల్టాలో బొండాలు అని పిలిచే లావు గింజ రకం, మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 3626, ఎకరాల కొద్దీ పండుతుంది. దాన్ని ఇక్కడి మిల్లులే ఉప్పుడు చేసి కేరళకు పంపుతాయి. పండించినవాడు మాత్రం సన్నబియ్యమే వండుకుంటాడు.

తవుడులో మందు ఉందన్న సంగతి బయటపడిన తీరు పుస్తకాల్లో అందరూ చదివిందే. డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ 1890ల్లో బటావియాలో తెల్లబియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, తవుడు పెడితే లేచి తిరగడం చూశాడు. కోడికి తెలిసిన సంగతి డాక్టరుకు తెలియడానికి మరి కొన్నేళ్లు పట్టింది. 1912లో కాసిమిర్ ఫంక్ ఆ తెలియని పదార్థానికి విటమిన్ అన్న పేరు పెట్టాడు. ఆ పదార్థాన్ని చివరికి సీసాలోకి దించినవాడు మాత్రం తెలుగు నేల మీద పుట్టాడు. రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్ 1886లో నెల్లూరులో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ దంపతుల ఇంట పుట్టాడు. పెరిగి రసాయన శాస్త్రవేత్త అయి 1910 ప్రాంతంలో మనీలాలో పనికి చేరాడు. అక్కడ ఎడ్వర్డ్ వెడ్డర్ అనే సైనిక వైద్యుడు ఆయన చేతికి తవుడు కషాయం ఇచ్చి, ఇందులో ఏముందో చూడమన్నాడు. బెరిబెరితో ఊపిరాడక నీలం తిరిగిన పసిబిడ్డ నోట్లో ఆ కషాయం చుక్కలు వేస్తే కొన్ని గంటల్లో తేరుకోవడం విలియమ్స్ కళ్లారా చూశాడు. ఆ చూపు ఆయన్ను పాతికేళ్లు నడిపించింది. 1936లో థయామిన్ నిర్మాణాన్ని తేల్చి, ప్రయోగశాలలో తయారు చేశాడు. విలియమ్స్ మనీలాలో చూసిన బిడ్డల తల్లులూ తెల్లబియ్యం తినేవారే. ఆ బిడ్డలూ తల్లిపాలు తాగేవారే.

ఇక్కడ డెల్టా కథలోకి బాలింత పథ్యం ప్రవేశిస్తుంది.

పురుడు పోసిన మర్నాటి నుంచి బాలింత పళ్లెం చిక్కిపోయేది. పాత బియ్యపు అన్నం, నెయ్యి, శొంఠిపొడి, వెల్లుల్లి కారం. పొద్దున్నే కాయం ముద్ద. పప్పు తింటే వాతం, దుంపలు తింటే వాతం, వంకాయ తింటే చీము, ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలు, గుమ్మడి ముట్టకూడదు, పుల్లటిది అసలే వద్దు. మంచినీళ్లు కూడా కొలిచి ఇచ్చేవారు. పూటకు ఒకటి రెండు తాంబూలాలు మాత్రం తప్పనిసరి. ఇంటింటికీ, కులానికీ కులానికీ ఈ జాబితా మారేది. కొందరికి పది రోజులు, కొందరికి నెల, గట్టి అత్తగారు ఉంటే మూడు నెలలు.

పథ్యాన్ని మొత్తంగా మూఢాచారమని కొట్టిపారేసేవాళ్లు దాని సగమే చూశారు. ఇంటెడు చాకిరీ నుంచి కోడలికి దొరికే ఒకే ఒక విశ్రాంతి ఆ రోజులు. నెయ్యి ఆమె వంతుకు వచ్చే అరుదైన కాలం కూడా అదే. కానీ బి1 లెక్కలో చూస్తే ఇంతకన్న చెడ్డ ఏర్పాటు కావాలని చేసినా కుదరదు. అన్నం తప్ప మిగతా దారులన్నీ మూతపడ్డాయి. పప్పులు, కాయధాన్యాలు, చేపలు, మాంసం, కూరలు పోయాయి. మిగిలిన అన్నం మరపట్టిన పాత బియ్యంది, ఆపైన బాగా కడిగింది, గంజి వార్చింది. నిలవలో కూడా బి1 కొంత తగ్గుతుంది. వక్కలోని వగరు పదార్థాలు బి1ను పనికిరాకుండా చేస్తాయి. మనిషి ఒంట్లో బి1 నిలవ మొత్తం 30 మిల్లీగ్రాములకు మించదు, రెండు మూడు వారాలకు సరిపోతుంది. పథ్యం నెలకు పైగా సాగితే తల్లి నిలవ అయిపోతుంది, పాలలో బి1 పడిపోతుంది. బిడ్డ మాత్రం రోజుకింత చొప్పున బరువు పెరుగుతూ ఎక్కువ అడుగుతూ ఉంటుంది. ప్రమాదం రెండో నెల నుంచి మొదలవడం వెనుక ఉన్న లెక్క ఇదే.

పేద కూలి ఇంట్లో కథ కొంచెం మారేది. అక్కడ పథ్యం పట్టుకుని మంచాన ఉండే వెసులుబాటు ఉండదు, వారం తిరక్కుండా చేలోకి దిగాలి. గంజి పారబోసే దర్జా ఉండదు. రాత్రి మిగిలిన అన్నంలో గంజి పోసి పొద్దున చద్దన్నం తాగేవారు. ఆచారం ఉన్న ఇళ్లలోనూ తరవాణి కుండ ఉండేది. పులిసిన ఆ నీళ్లలో, వార్చినప్పుడు పోవలసిన బి1 కొంత తిరిగి కడుపులోకి వెళ్లేది. అత్తెసరు పెట్టి వార్చకుండా వండే ఇల్లూ ఆ మేరకు నయమే. ఇవన్నీ చెడు మీద చిన్న చిన్న అడ్డుకట్టలు. బాలింతకు మాత్రం చద్దన్నం నిషేధం. జలుబు చేస్తుందని.

తల్లికి పెద్దగా జబ్బు కనిపించదు. అరికాళ్లు మండుతున్నాయంటే బాలింత వాతమనేవారు. బిడ్డ బొద్దుగానే ఉంటుంది. ఉన్నట్టుండి ఒక రోజు పాలు పట్టదు, కక్కుతుంది, ఏడిస్తే గొంతు రాదు. నోరు తెరిచి ముఖమంతా ఎర్రబడేలా ఏడుస్తున్నా శబ్దం వినపడని ఆ ఏడుపు ఈ జబ్బుకు ముద్రలాంటిదని పిల్లల వైద్య గ్రంథాలు చెబుతాయి. ఆ తర్వాత కళ్లు తేలేయడం, ఒళ్లు కొయ్యబారడం, చేతులూ కాళ్లూ కొట్టుకోవడం.

ఊళ్లో దానికి పేర్లు సిద్ధంగా ఉండేవి. బాలగ్రహం, పక్షిదోషం, దిష్టి. పెద్ద పిల్లలకూ పెద్దవాళ్లకూ వస్తే కాకిసోమాల. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టేవారు, ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర ఉంచేవారు, తాయెత్తు కట్టించేవారు. కొన్నిచోట్ల పసిగుడ్డు పొట్ట మీద వాతలు కూడా పెట్టేవారు. ఈ పేర్లు పల్లెటూరి ఊహలు మాత్రమే కావు. సుశ్రుత సంహిత ఉత్తర తంత్రం పసిపిల్లలను పీడించే తొమ్మిది గ్రహాలను చెబుతుంది. వాటిలో స్కందాపస్మారం పేరులోనే మూర్ఛ ఉంది. మరొకటి శకుని, అంటే పక్షి. మన పక్షిదోషం ఆ వాసనే కాబోలు. అదే ఆయుర్వేదం ఇంకో మాట కూడా చెప్పింది. తల్లి ఆహార విహారాల వల్ల పాలు చెడతాయి, ఆ పాలు తాగిన బిడ్డకు రోగం వస్తుంది అని. స్తన్యదోషమన్న ఈ ఆలోచన థయామిన్‌కు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. చిక్కల్లా మందు విషయంలో వచ్చింది. పాలు చెడ్డాయనుకుంటే పథ్యం ఇంకా బిగించేవారు. లోటు మరింత పెరిగేది.

మెదడులో జరిగేది ఏమిటి? మెదడు ఒంటి బరువులో చిన్నదే గాని తిండిపోతు. దానికి ప్రధానమైన ఇంధనం గ్లూకోజు. గ్లూకోజును చివరి దాకా కాల్చి శక్తిగా మార్చాలంటే దారిలో రెండు మూడు చోట్ల బి1 ఉంటే తప్ప ద్వారం తెరుచుకోదు. బి1 లేనప్పుడు అన్నం ఎంత తిన్నా మెదడు కణం ఆకలితోనే ఉంటుంది. కణం ఖర్చుపెట్టుకునే ఆ శక్తి నాణెం పేరు ఏటీపీ. దాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనుగొన్నవాడు యల్లాప్రగడ సుబ్బారావు, 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన మనిషి. డెల్టా బిడ్డల మెదళ్లలో తరిగిపోతున్న వస్తువేదో డెల్టా బిడ్డే బోస్టన్‌లో కూర్చుని తేల్చాడు. ఆయనకు ఆ ఉద్దేశం లేదు, కాలం అలా కలిపింది. ఏటీపీ తగ్గితే కణం పొర మీద సోడియం, పొటాషియం తూకం తప్పుతుంది. కణాలు అదుపు లేకుండా ఒక్కసారిగా మోగుతాయి. అదే ఫిట్. అప్పుడు బి1 ఇంజక్షన్ ఇస్తే గంటల్లో బిడ్డ తేరుకోవచ్చు. ఆలస్యమైతే కొన్ని కణాలు చచ్చిపోయి మచ్చ మిగులుతుంది.

1941లో ఐక్రాయిడ్, బి.జి. కృష్ణన్ కలిసి మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతంలో శిశుమరణాల మీద ఒక పత్రం అచ్చువేశారు. మామూలుగా పురిటి రోజుల్లో చావులు ఎక్కువ, నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి. బెరిబెరి ప్రాంతంలో రెండో నెల నుంచి ఐదో నెల దాకా చావులు అసహజంగా ఎక్కువగా కనబడ్డాయి. బాలగ్రహం నెలలు చూసుకుని రాదు కదా! 1964లో ఆర్.ఆర్. రావు, ఐ. సుబ్రహ్మణ్యం అనే పరిశోధకులు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో మరింత సూటిగా రాశారు. వారి పత్రం విషయమే పసిపిల్లల ఫిట్లకూ తల్లిపాలలోని థయామిన్‌కూ ఉన్న సంబంధం. బెరిబెరి అంటే కాళ్ల వాపు అనుకునే రోజుల నుంచి, ఫిట్లు వచ్చిన బిడ్డ తల్లి పాలను పరీక్షకు పంపే రోజులకు శాస్త్రం వచ్చింది.

ఫిట్ వేరు, మూర్ఛ వ్యాధి వేరు. లోటు వల్ల వచ్చిన ఫిట్ లోటు తీరితే పోతుంది. ఏ తక్షణ కారణమూ లేకుండా మళ్లీ మళ్లీ వస్తే అది మూర్ఛ వ్యాధి. మరి పాలు తాగే వయసులో ఫిట్ల నుంచి బతికి బయటపడిన బిడ్డకు పెద్దయ్యాక మూర్ఛ వ్యాధి వస్తుందా? జవాబు గోదావరి తీరానికి చాలా దూరం నుంచి వచ్చింది. 2003లో ఇజ్రాయెల్‌లో సోయాతో చేసిన ఒక పిల్లల పాలపొడిలో పొరపాటున బి1 కలపలేదు. అది తాగిన బిడ్డలు వాంతులతో, కళ్లు తేలేస్తూ, ఫిట్లతో ఆస్పత్రులకు వచ్చారు. కొందరు చనిపోయారు. బతికినవాళ్లను వైద్యులు ఏళ్ల తరబడి వెంబడించారు. 2009లో న్యూరాలజీ పత్రికలో వారు ఏడుగురు పిల్లల గురించి రాశారు. బి1 ఇచ్చాక ఫిట్లు ఆగాయి, కొన్ని నెలలు అంతా బాగున్నట్టే ఉంది, ఆ తర్వాత మొండి మూర్ఛగా తిరిగొచ్చాయి. పసితనంలో కొన్ని వారాల తిండి లోటు ఏళ్ల మూర్ఛగా మారగలదని ఇంత స్పష్టంగా చూపిన సందర్భాలు తక్కువ. అంతకు యాభై ఏళ్ల ముందు అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. 1950ల తొలినాళ్లలో ఒక డబ్బాపాలను వేడిచేసే పద్ధతిలో బి6 విటమిన్ నశించింది, అది తాగిన పసిపిల్లలకు ఫిట్లు వచ్చాయి. బి6 ఇవ్వగానే ఆగిపోయాయి.

ఇదంతా చదివి మూర్ఛ అంటే తిండి జబ్బేనని ఎవరూ అనుకోకూడదు. పుట్టుకలో ఊపిరాడకపోవడం, తలకు దెబ్బ, మెదడువాపు, వంశపారంపర్యం, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. మన దేశంలో పెద్ద కారణాల్లో ఒకటైన బద్దెపురుగు గుడ్లు కూడా నోటి దారినే వస్తాయి. పంది మాంసం ముట్టనివాడికి కూడా, సరిగా కడగని పచ్చికూరల మీద నుంచి అవి అంటుకుని మెదడులో తిత్తులు కట్టగలవు. ఇక తిండితోనే మూర్ఛను అదుపు చేసే కీటోజెనిక్ ఆహారాన్ని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ ప్రతిపాదించాడు. నెయ్యీ నూనెలూ ఎక్కువ, అన్నం దాదాపు సున్నా. మూడు పూటలా అన్నం తినే గోదావరి ఇంట్లో ఆ పథ్యం నిలబెట్టడం తల్లికి కత్తిమీద సామే. డాక్టరు పర్యవేక్షణ లేకుండా మొదలుపెట్టకూడనిది కూడా.

తెల్లబియ్యం మీద యుద్ధం లేకపోలేదు. గాంధీ 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టించి దంపుడు బియ్యం తినమని ఊరూరా చెప్పించాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1958లో పార్లమెంటు రైసుమిల్లింగ్ పరిశ్రమ నియంత్రణ చట్టం చేసి, దంపుడు కూలీల పొట్ట కొట్టకుండా కొత్త మిల్లులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. ఆ చట్టం 1997లో రద్దయింది. ఈ లోగా మండపేట, తాడేపల్లిగూడెం లాంటి ఊళ్లు మిల్లుల పేరు మీదే ఎదిగాయి. ఉపన్యాసాలు, చట్టాలు ఓడిన చోట గెలిచినవి వేరే. పళ్లెంలోకి రోజూ పప్పు వచ్చింది, పొద్దున ఇడ్లీ వచ్చింది, గుడ్డూ చేపా అందాయి. ప్రెషర్ కుక్కర్ వచ్చి గంజి వార్చే పని తప్పించింది. పురుడు ఆస్పత్రికి మారింది, బి-కాంప్లెక్స్ మాత్ర చేతికొచ్చింది. దంపుడు బియ్యం ఇప్పుడు రాజమండ్రి దుకాణాల్లో షుగర్ ఉన్నవాళ్ల సరుకుగా ఎక్కువ ధరకు అమ్ముతున్నారు.

పాత జబ్బు పూర్తిగా పోయిందనుకోవడానికి లేదు. ఇటీవలి సంవత్సరాల్లో శ్రీనగర్ పిల్లల వైద్యులు ఇదే చిత్రాన్ని మళ్లీ చూశారు. తెల్లబియ్యం బాగా కడిగి వండుకుని, పథ్యంతో ఉన్న తల్లుల పాలే తాగే రెండు మూడు నెలల బిడ్డలు ఫిట్లతో, మగతతో ఆస్పత్రికి వచ్చారు, థయామిన్ ఇవ్వగానే తేరుకున్నారు. లావోస్‌లోనూ అంతే. డెల్టాలో పథ్యం గట్టిగా పాటించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి ఇంట్లో పసిబిడ్డ పాలు మాని, గొంతు రాక ఏడుస్తుంటే తాళంచెవులు వెతకకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. బాలింత ఏం తింటోందో, ఎన్నాళ్లుగా తింటోందో డాక్టరు అడక్కముందే చెప్పాలి.

రేషన్ బియ్యంలోకి ఈ మధ్య పోషకాలు కలిపిన గింజలు వచ్చాయి. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించిన పథకం అది, 100 గింజలకు ఒక గింజ చొప్పున. 2018 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఆ గింజలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 తప్పనిసరి. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది మన భీమవరం సుబ్బారావు నడిపించిన బృందమే. బి1 కూడా ఆ నిబంధనల్లో ఉంది, కానీ కలిపినా కలపకపోయినా ఫరవాలేదన్న జాబితాలో.